టెక్ సందేహాలు: పవర్ మీటర్ కొలిచేదేమిటి, లెక్కగట్టేదేమిటి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సైకిల్ పవర్ మీటర్‌కు సంబంధించినవే కాబట్టి మిగతా వాటిని పక్కన పెట్టి వీటికే జవాబిస్తున్నాను. ఈ పరికరం, దానికి జతపడే యాప్‌లు చూపే అంకెలు రెండు రకాలు. టార్క్ (తిప్పే బలం), కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు), వాట్లు (శక్తి) నిజంగా కొలిచినవి. నార్మలైజ్డ్ పవర్, ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలుపుకోగల గరిష్ఠ శక్తి), శిక్షణ భారం వంటివి ఆ కొలతల మీద కొన్ని ఊహలు చేర్చి లెక్కగట్టినవి. పాఠకుల అయోమయంలో చాలా భాగం ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిందేనని ప్రశ్నలు చదువుతుంటే అనిపించింది.

ప్రశ్న: చదునైన రోడ్డు మీద ఒకే తీరుగా తొక్కుతున్నా తెర మీద అంకె 140 నుంచి 260 దాకా ఎగిసిపడుతోంది. మీటర్‌లో లోపమా?

లోపం కాదు. క్రాంక్ (పెడల్ బిగించే చేయి), స్పైడర్ (చైన్‌రింగ్‌ను పట్టి ఉంచే భాగం), పెడల్ ఇరుసు, వెనుక హబ్ (చక్రం నడిమి భాగం)లలో ఏదో ఒకచోట అతికించిన స్ట్రెయిన్ గేజ్‌ల మీద పవర్ మీటర్ ఆధారపడుతుంది. మీరు తొక్కినప్పుడు ఆ లోహం కంటికి కనిపించనంత కొద్దిగా వంగుతుంది, దాంతోపాటు గేజ్ విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పు నుంచి టార్క్ తెలుస్తుంది. టార్క్‌ను కోణీయ వేగంతో గుణిస్తే వాట్లు వస్తాయి. 1980లలో జర్మనీకి చెందిన ఇంజనీరు ఉల్రిచ్ షోబెరర్ రూపొందించిన ఎస్‌ఆర్‌ఎం క్రాంక్ నుంచి నేటి పెడల్ మీటర్ల వరకు మూలసూత్రం ఇదే.

వేగానికి మీ బరువు, సైకిల్ బరువు కలిసిన జడత్వం ఉంది కాబట్టి అది నెమ్మదిగా మారుతుంది. గుండె వేగం కూడా శ్రమ వెనుక కొంత ఆలస్యంగా నడుస్తుంది. వాట్లకు అటువంటి జడత్వం లేదు. గాలి కొద్దిగా తగ్గినా, రోడ్డు కొద్దిగా ఎత్తు పెరిగినా, కాలు ఒక్క క్షణం సడలినా అంకె వెంటనే మారుతుంది. సైకిల్ కంప్యూటర్‌లో 3 సెకన్ల సగటును, దీర్ఘమైన ఇంటర్వెల్స్‌లో (గట్టిగా తొక్కే విడతల్లో) ఆ విడత మొత్తానికి ల్యాప్ సగటును తెర మీద పెట్టుకోండి. రికార్డింగ్‌ను మాత్రం ప్రతి సెకనుకూ జరిగేలాగే ఉంచండి. తెర మీది సగటు చూడటానికి మాత్రమే, ఫైల్‌లో అసలు డేటా ఉండాలి.

ప్రశ్న: ఎడమ క్రాంక్ మీటర్ 200 వాట్లు చూపినప్పుడు నా స్మార్ట్ ట్రైనర్ (ఇంట్లో సైకిల్‌ను బిగించి తొక్కే పరికరం) 211 చూపుతోంది. క్యాలిబ్రేట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా తేడా పోవడం లేదు. దేన్ని నమ్మాలి?

ఈ ప్రశ్నకు కొంత వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే తర్వాతి లెక్కలన్నీ ఈ కొలత మీదే నిలబడతాయి.

యాప్‌లో కనిపించే ‘క్యాలిబ్రేట్’ బటన్ చాలా మీటర్లలో చేసే పని ఒక్కటే. పెడల్ మీద ఏ బరువూ లేనప్పుడు గేజ్ చూపే విలువను సున్నాగా గుర్తుపెట్టుకుంటుంది. దీన్నే జీరో ఆఫ్‌సెట్ అంటారు. ఉష్ణోగ్రత మారితే లోహం, గేజ్ రెండూ కొద్దిగా మారతాయి కాబట్టి ప్రతి రైడ్‌కు ముందు, సైకిల్ బయటి వాతావరణానికి అలవాటుపడ్డాక, పెడళ్ల మీద కాళ్లు లేకుండా దీన్ని చేయాలి. సున్నా 1 న్యూటన్-మీటర్ తప్పితే 90 కేడెన్స్ వద్ద సుమారు 9.4 వాట్ల తేడా వస్తుంది. మీరు 100 వాట్లతో తొక్కినా 300 వాట్లతో తొక్కినా కేడెన్స్ అదే అయితే ఈ తప్పు అంతే ఉంటుంది. అంటే తేలికపాటి రైడ్‌లో దాని ప్రభావం ఎక్కువ, గట్టి ఇంటర్వెల్‌లో తక్కువ.

రెండో రకం తప్పు శాతంలో ఉంటుంది. ఎడమ క్రాంక్ మీటర్ ఎడమ కాలి శక్తిని కొలిచి రెట్టింపు చేస్తుంది. మీ ఎడమ కాలు మొత్తం శక్తిలో 48 శాతమే ఇస్తుంటే, అసలు 200 వాట్లకు మీటర్ 192 చూపుతుంది. అలసట పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి కూడా మారవచ్చు. పెడల్ మీటర్లలో క్రాంక్ పొడవును చేత్తో నమోదు చేయాలి. 170 మిల్లీమీటర్ల క్రాంక్‌కు 175 అని నమోదు చేస్తే ప్రతి అంకె దాదాపు 3 శాతం పెరుగుతుంది. ఒకసారి పెడళ్లను వేరే సైకిల్‌కు మార్చినప్పుడు నేనే ఈ అమరికను మరిచిపోయి, రెండు వారాల పాటు నా సామర్థ్యం పెరిగిందని నమ్మాను. అప్పటి నుంచి పెడళ్లు విప్పి బిగించిన ప్రతిసారీ మొదట చూసేది ఆ అంకెనే. కోడిగుడ్డు ఆకారపు చైన్‌రింగ్ వాడేవారు మరో సంగతి కూడా గమనించాలి. ఒక చుట్టు మొత్తానికి వేగం ఒకటే అని లెక్కించే మీటర్లు అటువంటి రింగ్‌తో కొద్దిగా ఎక్కువ వాట్లు చూపుతాయి.

ఇప్పుడు మీ తేడాకు వద్దాం. క్రాంక్ నుంచి చక్రానికి వెళ్లేలోగా చైన్, గేర్ల రాపిడిలో కొన్ని శాతం శక్తి పోతుంది. కాబట్టి రెండు పరికరాలూ సరిగ్గా ఉంటే ట్రైనర్ అంకె క్రాంక్ అంకె కంటే కొద్దిగా తక్కువ ఉండాలి. మీ దగ్గర అది ఎక్కువగా ఉంది కాబట్టి రెండింటిలో కనీసం ఒకటి తప్పు చూపుతోంది. ఏ రకం తప్పో తెలియాలంటే ఒకే కేడెన్స్‌తో 100, 180, 260 వాట్ల దగ్గర ఐదేసి నిమిషాలు తొక్కి, రెండు పరికరాలనూ విడివిడిగా రికార్డు చేసి పోల్చండి. మూడు చోట్లా దాదాపు 11 వాట్ల తేడాయే ఉంటే సున్నా తప్పింది. తేడా వాట్లతో పాటు పెరుగుతూ శాతం ఒకేలా ఉంటే ఎడమ-కుడి అసమానతనో, ఏదో ఒక పరికరంలో కొలతను వాట్లుగా మార్చే గుణకంలోని లోపాన్నో అనుమానించాలి.

కొన్ని క్రాంక్ మీటర్లలో టార్క్ విలువను నేరుగా చూపే వీలుంది. అలాంటిదైతే క్రాంక్‌ను నేలకు సమాంతరంగా నిలిపి, కచ్చితంగా తూచిన బరువును పెడల్ ఇరుసుకు వేలాడదీసి చూడవచ్చు. 172.5 మిల్లీమీటర్ల క్రాంక్‌కు 20 కిలోలు వేలాడదీస్తే సుమారు 33.8 న్యూటన్-మీటర్లు రావాలి. ఇంత చేసే ఓపిక లేనివారు శిక్షణకు ఒకే పరికరాన్ని ప్రమాణంగా పెట్టుకోవాలి. ఇంట్లో ట్రైనర్ మీద తొక్కేటప్పుడు కూడా ట్రైనర్‌ను మీ క్రాంక్ మీటర్ అంకెను అనుసరించేలా అమర్చుకునే వీలు చాలా యాప్‌లలో ఉంది. ఎప్పుడూ 3 శాతం తక్కువ చూపే మీటర్‌తో శిక్షణ సాగుతుంది. ఒకరోజు తక్కువ, మరోరోజు ఎక్కువ చూపే మీటర్‌తో సాగదు.

ప్రశ్న: నిన్నటి రైడ్‌లో సగటు 168 వాట్లు, నార్మలైజ్డ్ పవర్ 205. ఇంత తేడా ఎందుకు? నా అసలు శ్రమ ఏది?

సగటు కొలత నుంచి నేరుగా వచ్చింది. నార్మలైజ్డ్ పవర్ అమెరికాకు చెందిన వ్యాయామ శాస్త్రవేత్త ఆండ్రూ కాగన్ రూపొందించిన లెక్క. ముందుగా వాట్లకు 30 సెకన్ల చలన సగటు తీస్తారు, ఆ విలువలను నాలుగో ఘాతానికి పెంచి సగటు కడతారు, చివరికి నాలుగో మూలం తీస్తారు. శ్రమ తీవ్రత పెరిగేకొద్దీ శరీరం మీద భారం వాట్ల నిష్పత్తిలో కాక అంతకంటే చాలా వేగంగా పెరుగుతుందన్న భావన దీనికి ఆధారం.

ఒక గంటలో పది నిమిషాలు 100 వాట్లు, పది నిమిషాలు 300 వాట్లు చొప్పున మార్చి మార్చి తొక్కారనుకోండి. సగటు 200 వాట్లే వస్తుంది, నార్మలైజ్డ్ పవర్ మాత్రం సుమారు 253 వరకు వస్తుంది. గంటసేపు 200 వాట్లతో నిలకడగా తొక్కడం కంటే ఇది ఎంత కష్టమో తొక్కినవారికి తెలుసు. మీ రైడ్‌లో మలుపులు, దిగుడులు, మళ్లీ వేగం అందుకోవడాలు ఎక్కువగా ఉన్నాయని ఆ 37 వాట్ల తేడా చెబుతోంది. అయితే ఇరవై నిమిషాల లోపు శ్రమలకు ఈ లెక్కను పట్టించుకోవద్దని నా సలహా. చిన్న ఇంటర్వెల్‌కు సగటే సరైన అంకె. సగటు వాట్లలో, తొక్కకుండా సాగిన సెకన్ల సున్నాలు కూడా కలిసేలా సెట్టింగ్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. కేడెన్స్ సగటుకు ఆ సున్నాలను వదిలేయవచ్చు, వాట్లకు వదిలేయకూడదు.

ప్రశ్న: 20 నిమిషాల పరీక్షలో 240 వాట్లు సాధించాను. యాప్ 0.95తో గుణించి ఎఫ్‌టీపీ 228 అంది. కానీ 228 వాట్లతో అరగంట కూడా నిలవలేకపోతున్నాను. నాలో లోపమా, లెక్కలో లోపమా?

మీలో లోపమేమీ లేదు. 0.95 అనేది చాలామందికి దగ్గరగా సరిపోయే గుణకమే తప్ప మీ శరీరం నుంచి కొలిచినది కాదు. ఇరవై నిమిషాల శ్రమలో కొంత భాగం ఆక్సిజన్ అవసరం లేని శక్తి నిల్వల నుంచి వస్తుంది. ఆ నిల్వ పెద్దదిగా ఉన్నవారికి, అంటే చిన్న స్ప్రింట్లలో బలంగా ఉండేవారికి, ఈ పద్ధతి ఎఫ్‌టీపీని ఎక్కువ చేసి చూపుతుంది. అందుకే పాత పరీక్ష విధానంలో 20 నిమిషాలకు ముందు 5 నిమిషాలు పూర్తి శక్తితో తొక్కమంటారు. చాలామంది ఆ భాగాన్ని వదిలేసి గుణకాన్ని మాత్రం ఉంచుకుంటారు. వాట్లను మెట్లుమెట్లుగా పెంచుతూ పోయి, చివరి నిమిషపు అత్యధిక వాట్లలో 75 శాతం తీసుకునే ర్యాంప్ పరీక్షకూ ఇదే పరిమితి ఉంది.

మీలాంటివారికి క్రిటికల్ పవర్ (ఆ నిల్వను కరిగించకుండా చాలాసేపు నిలుపుకోగల శక్తి) పద్ధతి మేలు. మోనో, షెరెర్ 1965లో కండరాల పనిపై ప్రచురించిన పరిశోధన దీనికి మూలం. విశ్రాంతి తీసుకున్న రెండు వేర్వేరు రోజుల్లో 3 నిమిషాలు, 12 నిమిషాలు పూర్తి సామర్థ్యంతో తొక్కండి. ఉదాహరణకు 3 నిమిషాలకు 320 వాట్లు అంటే 57,600 జౌళ్ల పని, 12 నిమిషాలకు 260 వాట్లు అంటే 1,87,200 జౌళ్లు. పనిలోని తేడా 1,29,600ను, కాలంలోని తేడా 540 సెకన్లతో భాగిస్తే 240 వాట్లు వస్తుంది. ఇదే క్రిటికల్ పవర్. 3 నిమిషాల పనిలోంచి 240 వాట్ల వంతు 43,200 తీసేస్తే మిగిలే 14,400 జౌళ్లు, 240 వాట్లకు పైన తొక్కినప్పుడు ఖర్చుపెట్టుకోగల మీ నిల్వ. ఒకే అంకె ఇచ్చే పరీక్ష కంటే ఇది మీ గురించి ఎక్కువ చెబుతుంది. క్రిటికల్ పవర్ సాధారణంగా గంటసేపు నిలుపుకోగల శక్తి కంటే కొద్దిగా ఎక్కువే ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

అప్పటివరకు ఎఫ్‌టీపీని 215కు తగ్గించి శిక్షణ కొనసాగించండి. అంకె తగ్గించుకోవడం చిన్నతనమని చాలామంది బాధపడతారు. కానీ ఎఫ్‌టీపీని ఎక్కువగా పెట్టుకుంటే దానిలో 56 నుంచి 75 శాతం ఉండాల్సిన ఎండ్యూరెన్స్ (ఓర్పు) జోన్ దాని పైనున్న టెంపో జోన్‌లోకి, 91 నుంచి 105 శాతం ఉండాల్సిన థ్రెషోల్డ్ ఇంటర్వెల్స్ అంతకంటే తీవ్రమైన జోన్‌లోకి జారిపోతాయి. అప్పుడు తేలికైన రోజు తేలికగా ఉండదు, కఠినమైన రోజు పూర్తికాదు.

ప్రశ్న: రెండు గంటలూ 180 వాట్లే తొక్కాను. మొదటి గంట గుండె వేగం 140, రెండో గంట 150. వాట్లు తెలిశాక ఇక గుండె వేగం చూడటం అవసరమా?

తప్పకుండా అవసరం. వాట్లు మీరు సైకిల్‌కు ఇచ్చిన పనిని చెబుతాయి, ఆ పని కోసం శరీరం ఎంత చెల్లించిందో గుండె వేగం చెబుతుంది. మొదటి గంటలో 180ని 140తో భాగిస్తే 1.286, రెండో గంటలో 150తో భాగిస్తే 1.2. అంటే సుమారు 6.7 శాతం తగ్గుదల. దీన్నే డీకప్లింగ్ అంటారు. ఇది 5 శాతం లోపు ఉంటే ఆ వ్యవధికి ఓర్పు సరిపోతుందని కోచ్‌లు భావిస్తారు. అయితే ఎండ, చెమట వల్ల నీరు కోల్పోవడం, నిద్రలేమి కూడా ఇదే ఫలితాన్నిస్తాయి. ఒక్క రైడ్‌తో తీర్పు చెప్పుకోకుండా, ఒకే దారిలో, దగ్గరి ఉష్ణోగ్రతల్లో, కొన్ని వారాల పాటు పోల్చండి.

ప్రశ్న: కిలోజౌళ్లను కెలోరీలుగా ఎలా మార్చాలి?

దాదాపు అదే అంకెగా తీసుకోండి. గంటసేపు 200 వాట్లు అంటే 720 కిలోజౌళ్ల పని. 1 కిలోకెలోరీ 4.184 కిలోజౌళ్లతో సమానం. శరీరం ఖర్చుచేసే శక్తిలో 20 నుంచి 25 శాతమే పెడల్‌కు చేరుతుంది. ఈ రెండూ దాదాపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి మీ ఖర్చు సుమారు 690 నుంచి 860 కిలోకెలోరీల మధ్య ఉంటుంది. గుండె వేగం నుంచి అంచనా వేసే కెలోరీల కంటే ఇది ఎక్కువ నమ్మదగినది.

ప్రశ్న: విశ్రాంతి వారం తర్వాత యాప్‌లో ఫిట్‌నెస్ గీత పడిపోయింది. కానీ అదే వారం చివర్లో కొండ మీద నా అత్యుత్తమ సమయం సాధించాను. గ్రాఫ్ తప్పా?

గ్రాఫ్ సరిగ్గానే ఉంది, దానికి పెట్టిన పేరే తప్పుదారి పట్టిస్తోంది. ఆ గీత గత వారాల శిక్షణ భారానికి సాధారణంగా 42 రోజుల కాలమానంతో తీసిన సగటు. ‘అలసట’ గీత అదే భారానికి 7 రోజుల కాలమానంతో తీసినది. విశ్రాంతి వారంలో రెండూ పడిపోతాయి, అలసట గీత వేగంగా పడుతుంది. ఆ తేడా వల్లే మీరు కొండ మీద అంత బాగా తొక్కగలిగారు. గీత కొలిచేది మీరు మోసిన భారాన్ని, మీ సామర్థ్యాన్ని కాదు.

పైగా ఆ భారం లెక్క మొత్తం ఎఫ్‌టీపీ మీద ఆధారపడుతుంది. నార్మలైజ్డ్ పవర్‌ను ఎఫ్‌టీపీతో భాగించి, ఆ నిష్పత్తిని వర్గం చేసి, గంటలతోను, 100తోను గుణిస్తే శిక్షణ భారం వస్తుంది. ఎఫ్‌టీపీని అసలు కంటే 10 శాతం తక్కువగా నమోదు చేసి ఉంటే ప్రతి రైడ్ భారం 23 శాతం పైగా పెరిగి కనిపిస్తుంది. గీత ఎత్తును మరొకరి గీతతో పోల్చకండి. మీ 5 నిమిషాల, 20 నిమిషాల, గంట అత్యధిక వాట్లను రెండు మూడు నెలలకోసారి అదే మీటర్‌తో, జీరో ఆఫ్‌సెట్ చేశాక చూసుకోండి. కొండ మీద మీ సమయంతో పాటు ఆ అంకెలు కూడా పెరిగి ఉంటే, గీత కిందికి ఉన్నా మీ శిక్షణ ఫలిస్తున్నట్టే.