సైకిల్ మీద పిల్లలు: లారీని చూసే ముందు మీ వెనుక చక్రాన్ని చూడండి

ప్రశ్న: నాకు నాలుగేళ్ల బాబు, తొమ్మిది నెలల పాప. రోజూ ఉదయం ఇద్దరినీ సైకిల్ మీదే తీసుకెళతాను. బాబును బడి దగ్గర, పాపను క్రెష్‌లో దించి నేను పనికి వెళ్లాలి. దారి మూడు కిలోమీటర్లు. అందులో సగం బస్సులు, లారీలు తిరిగే పెద్ద రోడ్డు. బాబు వెనుక క్యారియర్ మీద నా నడుము పట్టుకుని కూర్చుంటాడు. పాపను గుడ్డ సంచిలో ఛాతీకి కట్టుకుంటాను. పదేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను, ఒక్కసారి కూడా పడలేదు. అయినా చూసిన ప్రతివారూ పిల్లల ప్రాణాలతో ఆటలేమిటని మందలిస్తున్నారు. మానేయాలా? హెల్మెట్లు పెడితే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్నలో ఇద్దరు పిల్లలున్నారు, జవాబులు కూడా రెండు. పాపను రేపటి నుంచి సైకిల్ మీద తీసుకెళ్లకండి. ఈ విషయంలో బేరాల్లేవు. బాబును తీసుకెళ్లవచ్చు. కానీ ఇప్పుడు కూర్చోబెడుతున్న చోటు, ఇప్పుడు వెళుతున్న దారి రెండూ మార్చాలి.

పాప గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆమె మెడ. పుట్టినప్పుడు బిడ్డ ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దయ్యాక అది ఏడో వంతుకో ఎనిమిదో వంతుకో వస్తుంది. తొమ్మిది నెలల బిడ్డ తల అంటే సన్నని కాడకు కాసిన బరువైన కాయ. మెడ కండరాలు ఇంకా ముదరలేదు, ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉంటాయి. గతుకు వచ్చినప్పుడల్లా ఆ తల ఊగుతుంది. దాని మీద హెల్మెట్ పెడితే బరువు ఇంకా పెరుగుతుంది, పెట్టకపోతే రక్షణ లేదు. ఏడాది నిండని పిల్లలను సైకిల్ మీద తీసుకెళ్లవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది ఇందుకే. మొదటి పుట్టినరోజు దాటగానే అంతా మారిపోతుందని కాదు. ఆసరా లేకుండా నిటారుగా కూర్చోగలగాలి, హెల్మెట్ బరువుతో కూడా తల నిలపగలగాలి. కొందరికి ఇది పద్నాలుగు నెలలకు వస్తుంది, తప్పేమీ లేదు.

గుండెకు ఆనించుకుని ఉన్నాను కదా, నాకంటే భద్రమైన చోటు ఏముంటుందని మీకు అనిపించి ఉంటుంది. నడిచేటప్పుడు అది నిజమే. సైకిల్ మీద అదే చోటు ప్రమాదకరం. మీరు ముందుకు పడితే మీకూ రోడ్డుకూ మధ్య ఉండేది పాపే, మీ బరువంతా ఆమె మీదే పడుతుంది. పైగా మీరు ముందుకు వంగి తొక్కుతున్నప్పుడు గుడ్డలో పాప గడ్డం ఛాతీకి నొక్కుకుపోయి ఊపిరి దారి మూసుకుపోవచ్చు. ట్రాఫిక్ మీద కళ్లు పెట్టిన మీకు ఆ సంగతి తెలియదు. ఏడవలేని స్థితిలో ఉన్న బిడ్డ నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. వీపుకు కట్టుకున్నా ప్రమాదం తప్పదు. కాబట్టి ఇంకొన్ని నెలలు పాపకు బస్సో, తోపుడు బండో, ఇంట్లో మరొకరి సాయమో చూసుకోండి. ఇబ్బందేనని నాకు తెలుసు.

ఇక బాబు. మీరు లారీలకు భయపడుతున్నారు, భయపడాల్సిందే. కానీ సైకిల్ మీద దెబ్బ తగిలి ఆసుపత్రిలో నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఏ వాహనమూ తగలదు. వారికి దెబ్బ తగిలేది వారు కూర్చున్న సైకిల్ వల్లనే. ఒక పాప సంగతి చెబుతాను. క్యారియర్ మీద కూర్చుని కాళ్లు ఊపుతూ వస్తోంది, నిద్రమత్తు, కుడి మడమ స్పోకుల మధ్యకు పోయింది. చక్రం తిరుగుతూ మడమను ఫ్రేము కడ్డీకి అదిమి, చర్మాన్ని ఒరుసుకుంటూ పోయింది. తెచ్చినప్పుడు చూస్తే పెద్ద గీరుడులాగే ఉంది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మూడో రోజుకు మడమ వెనుక రూపాయి బిళ్లంత మేర చర్మం నల్లబడింది, వారానికి అది ఊడి, కింద మడమ నరం అని మనం పిలిచే తెల్లటి పట్టీ బయటపడింది. తొడ నుంచి చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. నలిగిన చర్మం వెంటనే చనిపోదు, రెండు మూడు రోజులు తీసుకుంటుంది. అందుకే స్పోకుల్లో పాదం పడిన ఏ బిడ్డనైనా, గాయం చిన్నదిగా కనిపించినా సరే, రెండో రోజున, నాలుగో రోజున మళ్లీ చూపించమంటాం.

అలా జరిగితే కంగారులో చక్రాన్ని వెనక్కి తిప్పి కాలు లాగకండి. సైకిల్‌ను కదలనివ్వకుండా పట్టుకుని స్పోకులను వంచండి, వంగకపోతే కత్తిరించండి. పారే మంచినీటితో కడిగి, శుభ్రమైన బట్టతో అదిమి కట్టి ఆసుపత్రికి రండి. పొడులు, పేస్టులు ఏవీ అద్దవద్దు, మాకు గాయం రంగు కనిపించాలి. టెటనస్ టీకా వివరాలు ఉంటే వెంట తెచ్చుకోండి.

ఉత్త క్యారియర్ మీద బాబును కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేనిది ఈ కారణంగానే. మీ నడుము పట్టుకోవడాన్ని పట్టుకోవడం అనుకోకండి. నాలుగేళ్ల పిల్లవాడి పట్టు కుక్క కనిపించినా, నిద్ర వచ్చినా జారిపోతుంది. అతనికి కావలసింది వీపు, తల వెనుక భాగం వరకు ఆనుకునే ఎత్తైన సీటు, రెండు భుజాల మీదుగా వచ్చే బెల్టు, పాదాలకు పట్టీలున్న తొట్టెలాంటి ఆధారం, చక్రానికీ కాలికీ మధ్య అడ్డు. మీ సీటు కింద స్ప్రింగులుంటే వాటికి మూత వేయించండి, వెనుక కూర్చున్న పిల్లల వేళ్లు అందులో నలుగుతాయి. యూరప్ ప్రమాణాల ప్రకారం వెనుక సీట్లను 9 నుంచి 22 కిలోల పిల్లల కోసం, ముందు సీట్లను 15 కిలోల వరకు తయారుచేస్తారు. నాలుగేళ్ల పిల్లలు సగటున 16 కిలోలుంటారు, అంటే మీ బాబుకు ముందు సీటు దాటిపోయింది. చాలా క్యారియర్ల మీద అవి మోయగల బరువు చెక్కి ఉంటుంది, అందులో సీటు బరువు కూడా కలిపి చూసుకోండి.

హ్యాండిల్ వెనుక అడ్డ కడ్డీ మీద కూర్చోబెట్టే ఆలోచన ఉంటే మానండి. బ్రేకు పడగానే పిల్లవాడి పొట్ట హ్యాండిల్ చివరకు గుచ్చుకుంటుంది. పైన చిన్న గుండ్రటి కమిలిన మచ్చ మాత్రమే కనిపిస్తుంది. లోపల కాలేయం, ప్లీహం, క్లోమం, చిన్నపేగు మొదటి భాగం దెబ్బతిని ఉండవచ్చు. కొందరు పిల్లలు సాయంత్రం దాకా ఆడుకుని, మర్నాడు వాంతులతో వస్తారు. హ్యాండిల్ పొట్టకు తగిలిందని తల్లిదండ్రులు చెప్పకపోతే మేము అజీర్తి అనుకునే అవకాశం ఉంది. చెప్పడం మరచిపోకండి.

ఇంకొకటి, ఎంత చెప్పినా ఎవరూ నమ్మనిది. పిల్లలు సీట్లో ఉండగా సైకిల్‌ను స్టాండు వేసి వదలడం. గేటు తీయడానికి, ఫోను మాట్లాడటానికి అరనిమిషం చాలు. పిల్లవాడు ఒక పక్కకు వంగుతాడు, సైకిల్ మొత్తం ఒరుగుతుంది. బెల్టుతో కట్టి ఉన్నాడు కాబట్టి చేతులు చాపి ఆపుకోలేడు, నిలబడి ఉన్న సైకిల్ మీద నుంచి తల నేరుగా నేలకు తగులుతుంది. ఎక్కించేటప్పుడు అతను చివర, దించేటప్పుడు అతనే మొదట. మధ్యలో మీ చేయి సైకిల్‌ను వదలకూడదు.

హెల్మెట్ సరిపోతుందా అన్నారు. సరిపోదు, కానీ లేకుండా బయలుదేరవద్దు. 64,000 మందికి పైగా గాయపడిన సైక్లిస్టుల వివరాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో, హెల్మెట్ ఉన్నవారికి తీవ్రమైన తల గాయం అయ్యే అవకాశం 69 శాతం తక్కువగా తేలింది. దాని పరిమితి కూడా తెలుసుకోండి. యూరప్ పరీక్షలో హెల్మెట్‌ను దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు, నేలకు తగిలేటప్పటి వేగం గంటకు 20 కిలోమీటర్ల లోపే. అంటే అది తల నేలకు తగిలినప్పుడు కాపాడటానికి చేసినది, లారీ కోసం కాదు. కనుబొమలకు రెండు వేళ్ల పైన అడ్డంగా కూర్చోవాలి, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. నుదురు కనిపించాలని వెనక్కి జరిపి ఫొటోకు పెట్టినట్టు పెడితే పెట్టనట్టే. దిగగానే తీసేయండి. ఆటస్థలంలో జారుడుబల్ల కడ్డీల మధ్య హెల్మెట్ ఇరుక్కుంటే పట్టీ గొంతుకు ఉరి అవుతుంది. చున్నీ, స్కార్ఫు వంటివి మీకూ అతనికీ వేలాడకుండా లోపలికి దోపుకోండి.

లారీల సమస్యకు విరుగుడు ఏ దుకాణంలోనూ దొరకదు, దారి మార్చుకోవడంలో ఉంది. వాహనం వేగం రెట్టింపైతే అది ఢీకొనే శక్తి నాలుగు రెట్లవుతుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020లో రోడ్డు భద్రతపై జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు తన స్టాక్‌హోం ప్రకటనలో చెప్పింది అందుకే. మీ పెద్ద రోడ్డులో ఆ వేగం ఉండదు. ఒక సెలవు రోజున ఒంటరిగా బయలుదేరి లోపలి వీధుల గుండా దారి వెతకండి. కిలోమీటరు ఎక్కువైనా నష్టం లేదు. పెద్ద రోడ్డు దాటక తప్పని చోట దిగి నడిపించండి. ఆగి ఉన్న కార్లకు మీటరు దూరం ఉంచండి, పదేళ్లలో పడని మిమ్మల్ని హఠాత్తుగా తెరుచుకున్న తలుపు ఒక్క క్షణంలో పడేయగలదు. కూడలిలో బస్సు, లారీల పక్కన ఆగకండి, అవి మలుపు తిరిగేటప్పుడు ఆ పక్కనున్నది డ్రైవరుకు కనిపించదు. పొగ గొట్టం వెనుకా ఆగవద్దు. పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి తమ బరువుతో పోలిస్తే మనకంటే ఎక్కువ పొగ పీలుస్తారు.

వెనుక తగిలించే పిల్లల బండి, అదే ట్రైలర్, గురించి అడుగుతారేమో. సైకిల్ పడినా అది సాధారణంగా పడదు, పడినా ఎత్తు తక్కువ. ప్రశాంతమైన వీధుల్లో మంచిదే. లారీ డ్రైవరు చూపు కంటే బాగా కిందుంటుంది కాబట్టి మీరు చెప్పిన రోడ్డు మీద, జెండా కట్టినా, నేను వద్దంటాను.

కొత్త సీటు బిగించాక బాబును వెంటనే ఎక్కించకండి. పదహారు కిలోల ఇసుక సంచిని బెల్టుతో కట్టి నాలుగు రోజులు తొక్కండి. బ్రేకు వేశాక ఆగడానికి ఎంత దూరం పడుతోందో, నెమ్మదిగా వెళుతుంటే హ్యాండిల్ ఎలా ఊగుతోందో మీకే తెలుస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా ఒకరోజు పడవచ్చు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, ఒకటి కంటే ఎక్కువసార్లు వాంతి అయినా, లేపితే సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ముక్కు నుంచో చెవి నుంచో నీరులాంటి ద్రవం కారినా, ఎత్తుకున్నా ఏడుపు ఆపకపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలి. రెండేళ్లలోపు పిల్లలకు నుదుటి మీది బొప్పి కంటే తల పక్కన, వెనుక వచ్చే మెత్తటి వాపు ఎక్కువ ఆందోళన కలిగించేది, చూపించాల్సిందే. అన్నీ బాగుండి మామూలు వేళకు నిద్రపోతే పడుకోనివ్వండి, ఇరవై నాలుగు గంటలు కనిపెట్టుకుని ఉండండి. దెబ్బ తగిలిన ప్రతి తలకూ సీటీ స్కాన్ తీయించమని పట్టుపట్టవద్దు. పడినప్పుడు తలకు ఉన్న హెల్మెట్ మీద గీత కూడా పడకపోయినా, దెబ్బను పీల్చుకునే లోపలి ఫోమ్ పొర నలిగి ఉండవచ్చు. పట్టీలు కత్తిరించి పారేయండి, ఎవరో ఏరుకుని తమ పిల్లల తలకు పెట్టకుండా.