పాఠకుల ప్రశ్నలు: అందరి మంచుపువ్వులూ ఒకేలా రావాలంటే?

ప్రశ్న: మేం ఎనిమిదిమందిమి కలిసి తోరణం కోసం క్రోషే (హుక్ అనే కొక్కెపు సూదితో దారం అల్లే పని) మంచుపువ్వులు అల్లుతున్నాం. నమూనా ఒకటే, దారం ఒకటే. అయినా కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. కొన్ని గిన్నెలా వంగుతున్నాయి, వేలాడదీస్తే వాలిపోతున్నాయి. ఎందుకిలా?

జవాబు: సైజు తేడా చేతి బిగువు వల్ల వస్తుంది. అందుకే అందరికీ ఒకే సైజు హుక్ పనికిరాదు. 10 నంబరు నూలు దారానికి 1.5 మి.మీ. హుక్‌తో మొదలుపెట్టండి. 6 చైన్లను (గొలుసు కుట్లను) కొనలు కలిపే స్లిప్ స్టిచ్‌తో రింగు చేసి, అందులో 12 డబుల్ క్రోషేలు (పొడుగు కుట్లు) వేసి (మొదటిదానికి బదులు 3 చైన్లు) అందరూ ఆగండి. చక్రాల అడ్డుకొలతలు పోల్చండి. చక్రం చిన్నగా వచ్చినవారు 1.75కి, పెద్దగా వచ్చినవారు 1.25కి మారాలి. ‘వదులుగా అల్లండి’ అని చెప్పి లాభం లేదు. రెండు వరసలయ్యేసరికి చెయ్యి పాత అలవాటుకే వెళ్తుంది.

పువ్వు వంగితే ఆ వరసలో కుట్లు తగ్గాయని, లేదా చైన్లు బిగిశాయని అర్థం. అంచు ముడతలు పడితే కుట్లు ఎక్కువయ్యాయి. ఆరు రెక్కల్లోనూ కుట్లు సమానంగా ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

గట్టిపరచడం మాత్రం ఒక్కరికే అప్పగించండి. తెల్ల జిగురు, నీళ్లు సమపాళ్లలో కలిపి, పువ్వు ముంచి పిండాలి. 60 డిగ్రీలకొక గీత గీసిన కాగితాన్ని థర్మాకోల్‌పై పరిచి, పైన ప్లాస్టిక్ కప్పండి. ముందు మధ్యలో, తర్వాత ఎదురెదురు కొనల్లో తుప్పు పట్టని పిన్నులు గుచ్చండి. పూర్తిగా ఆరకముందే తీస్తే కొనలు మళ్లీ వాలతాయి. చక్కెర పాకం వద్దు: తేమకు జిగటగా మారుతుంది, చీమలు పడతాయి.