కస్టమ్స్ ఉద్యోగంలో డ్రగ్స్ పట్టుకోవడం ప్రాణాపాయమా? ముందు ఆ ఫ్యాన్ ఆపమనండి

"మా అబ్బాయికి సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష)లో కస్టమ్స్ ప్రివెంటివ్ ఆఫీసర్ పోస్టు వచ్చింది. అమెరికాలో ఫెంటానిల్ అనే మత్తుమందు పొడి చేతికి తగలగానే పోలీసులు కుప్పకూలిపోతున్న వీడియోలు చూశాక నాకు నిద్ర పట్టడం లేదు. మన దగ్గర వీళ్ళకి రక్షణ ఏమైనా ఉంటుందా, లేక చేరొద్దని చెప్పమంటారా?" అని ఒక తల్లి అడిగారు.

చేరమనండమ్మా. నిక్షేపంలాంటి ఉద్యోగం. నేను 1988లో ఆ పోస్టులోనే చేరి 2021లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ముప్పై మూడేళ్ళలో ఎన్ని ప్రమోషన్లో మీరే లెక్కపెట్టుకోండి, ఆ కథ మొదలుపెడితే ఈ జవాబు ఇప్పట్లో తెమలదు.

ముందు ఆ వీడియోల సంగతి. 2017లో ఒహాయోలో ఒక పోలీసాయన చొక్కా మీద పడ్డ పొడిని ఉత్త చేత్తో దులుపుకుని కాసేపటికి పడిపోయాడు, అక్కణ్ణుంచి ఈ భయం ఊరూరా పాకింది. అదే ఏడాది అమెరికాలోని టాక్సికాలజీ డాక్టర్ల సంఘాలు రెండు కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. పొడి చర్మానికి ఏదో కాస్త తగిలినంత మాత్రాన మత్తెక్కి పడిపోవడం జరిగే పని కాదని. ఆలోచిస్తే మనకే తెలుస్తుంది. క్యాన్సర్ రోగులకి నొప్పి తగ్గడానికి ఫెంటానిల్ పట్టీలు వేస్తారు కదా, చర్మంలోంచి మందు లోపలికి వెళ్ళడం కోసమే తయారుచేసిన ఆ పట్టీ పనిచేయడానికే గంటలు పడుతుంది. మరి చేతిమీద పడ్డ పొడి క్షణంలో ఎలా ఎక్కేస్తుంది?

ఆ ప్రకటనలోనే ఇంకో లెక్క ఉంది. పనిచేసే చోట గాలిలో కనిపించిన అత్యధిక మోతాదులో, మాస్క్ లేకుండా 200 నిమిషాలు పీలిస్తే తప్ప 100 మైక్రోగ్రాముల మందు ఒంట్లోకి పోదని. అది చదివి అందరూ హమ్మయ్య అనుకుని ఉంటారు, నాకు మాత్రం నవ్వొచ్చింది. మా దగ్గర ఏ పంచనామా 200 నిమిషాల్లో ముగిసింది గనక!

నేను చెప్పదలుచుకున్నది అదే. ప్రమాదం పట్టుకున్న క్షణంలో ఉండదు, పట్టుకున్న తర్వాత ఉంటుంది. తూకం, కలపడం, శాంపిళ్ళు తీయడం, సీలు వేయడం, అన్నీ ఒకే గదిలో, ఒకే ఫ్యాన్ కింద.

మా రోజుల్లో 1/89 స్టాండింగ్ ఆర్డర్ అని ఒకటి మా నెత్తిన ఉండేది. దాని ప్రకారం దొరికిన సరుకులోంచి అక్కడికక్కడే, పంచ్‌ల (సాక్షులుగా పిలిచి కూర్చోబెట్టే బయటివాళ్ళ) ఎదురుగా శాంపిళ్ళు తీయాలి. గంజాయి, చరస్, నల్లమందు అయితే 24 గ్రాములు, మిగతావి 5 గ్రాములు, ప్రతిదీ రెండేసి. తీసే ముందు సరుకంతా బాగా కలపాలి. వినడానికి చిన్న మాటే. పన్నెండు కిలోల సన్నటి పొడిని కిటికీల్లేని గదిలో కలిపి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

2012 మే నెల. ఊరి పేరు చెప్పను, ఓడరేవు ఉన్న ఊరు అనుకోండి. కరెంటు కోతలు ఎంత దారుణంగా ఉండేవో ఆ ఏడాది ఆంధ్రాలో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. జనరేటర్ మీద లైట్లు, ఫ్యాన్లు తిరిగేవి, ఏసీ మాత్రం ఉండేది కాదు. మలేషియాకి వెళ్ళే కొరియర్ పార్శిల్ ఒకటి పక్కన పెట్టాం. అప్పడాలు, కారప్పొడి, కిలో చొప్పున పన్నెండు బియ్యప్పిండి ప్యాకెట్లు. మలేషియాలో బియ్యప్పిండి దొరకదా ఏంటి, కిలో పిండికి అంత కొరియర్ ఛార్జీ పెట్టి ఎవడు పంపుతాడని మా హవల్దారుకి అనుమానం వచ్చింది. ఈ శాఖలో సగం కేసులు అలాంటి ఇంగితజ్ఞానంతోనే దొరుకుతాయి, స్కానర్లతో కాదు. ఒక ప్యాకెట్ కోసి చూశాం. బియ్యప్పిండి అయితే వేళ్ళకి మెత్తగా అంటుకుంటుంది. ఇది నలిపిన పంచదారలా మెరిసింది.

ఇక హడావుడి మొదలు. గ్లోవ్స్ కావాలని అంతకు మూడు నెలల ముందు పెట్టిన ఫైలు ఎక్కడో ఒక సంతకం కోసం నిద్రపోతోంది. అందుకని టిఫిన్ పార్శిల్ కవర్లు చేతులకి తొడుక్కుని మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాం. మాస్క్ అంటే జేబురుమాలు. కలపడానికి క్యాంటీన్ నుంచి స్టీలు బేసిన్, గరిటె తెప్పించాం. (ఆ బేసిన్ తర్వాత క్యాంటీన్‌కి తిరిగెళ్ళిందా అని మీరు అడగొద్దు, నేనూ అడగలేదు. ఆ తర్వాత చాలాకాలం అక్కడ పెరుగన్నం మాత్రం తినలేదు.) తలుపులు బిగించేశాం, పార్శిల్ తాలూకు మనుషులు బయటే తిరుగుతున్నారేమోనని టెన్షన్. నెత్తి మీద ఫ్యాన్ ఫుల్ స్పీడు. ఓ మూల సీళ్ళ కోసం కొవ్వొత్తి, కాలుతున్న లక్క. టెస్ట్ కిట్ సీసాలో గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, మూత సరిగ్గా పట్టదు. ఈ యాసిడ్ గురించి ఎవరూ వీడియోలు తీయరు, నా ప్యాంట్లు రెండు దానికే బలయ్యాయి.

ప్యాకెట్లు ఒక్కొక్కటే కోసి బేసిన్‌లో వేస్తుంటే ట్యూబులైటు వెలుగులో పొడి పొగలా లేవడం నాకు కనిపిస్తూనే ఉంది, అయినా ఫ్యాన్ ఆపాలని ఒక్కరికీ తట్టలేదు, తట్టినా ఆ ఉక్కపోతలో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఆరో ప్యాకెట్ దగ్గర అనుకుంటా, చేరి ఐదు నెలలైన మా కుర్రాడొకడు "సార్, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నాడు. అన్నవాడు అన్నట్టే గోడకి జారిపోయాడు. "డ్రగ్ ఎక్కేసింది" అని ఎవరో అరిచారు. అంతే, నా నాలుక కూడా మొద్దుబారినట్టు అనిపించింది. నిజంగా మొద్దుబారిందో, ఆ అరుపు విని మొద్దుబారిందో ఇప్పటికీ చెప్పలేను. హవల్దారు చెంబెడు నీళ్ళు తెచ్చి కుర్రాడి మొహాన కొట్టాడు. కొట్టిన నీళ్ళలో సగం టేబుల్ మీద రెండో లాట్ ప్యాకెట్ మీద పడ్డాయి. ఈ నీళ్ళని గుర్తుపెట్టుకోండి.

ఆస్పత్రిలో డాక్టరుగారు చూసి బీపీ పడిపోయింది, షుగర్ తక్కువగా ఉంది, పొద్దున్నుంచి ఏం తిన్నాడని అడిగారు. రెండు ఇడ్లీలు. కాస్త పొడి పీల్చి ఉండొచ్చు గానీ ఎక్కువ భాగం వేడి, ఆకలి, భయం అన్నారు. సెలైన్ ఎక్కించి సాయంత్రానికి పంపేశారు. ఆ బిల్లు మంజూరు కావడానికి పదకొండు నెలలు పట్టింది, విధి నిర్వహణలో కలిగిన అనారోగ్యం అనడానికి రుజువు కావాలట. ల్యాబ్ రిపోర్టులో అది కెటామైన్ అనే మత్తుమందు అని తేలింది. దాన్ని ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కిందకి తెచ్చి అప్పటికి ఏడాది దాటింది.

సినిమావాళ్ళ మీద నాకు ఒక పాత కోపం ఉంది, ఇక్కడే కక్కేస్తాను. హీరో పోలీసు చాకు కొనతో ప్యాకెట్ గీసి, పొడి నాలుక మీద పెట్టుకుని, తలాడించి "ప్యూర్ స్టఫ్" అంటాడు. ఇది చూసి పెరిగిన కుర్రాళ్ళు సర్వీసులోకి వస్తున్నారు. నాకు తెలిసి ఒకడు నిజంగానే వేలు నోటిదాకా తీసుకెళ్ళాడు, చెయ్యి మీద ఒక్కటిచ్చాను. ముద్దాయి కళ్ళ ముందే ఇచ్చాను, ఏమనుకున్నా సరే. 2018లో ఇండోర్‌లో డీఆర్‌ఐ (స్మగ్లింగ్ మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ) వాళ్ళు ఒక దొంగ ల్యాబ్ మీద పడి 9 కిలోల ఫెంటానిల్ పట్టుకున్నారు. అంటే ఆ సరుకు మన దేశంలో లేదనుకోవడానికి వీల్లేదు. చేతికి తగిలితే కడుక్కోవచ్చు, ముక్కులోకో నోట్లోకో పోతే మాత్రం అది నిజంగా ప్రాణం మీదకే వస్తుంది.

అమెరికా వాళ్ళు ఈ విషయంలో మనకంటే నయం, కాదనను. 2018 జనవరిలో ఇంటర్‌డిక్ట్ అనే చట్టం చేసి, సరిహద్దు దగ్గర పనిచేసే ఆఫీసర్లకి చేత్తో పట్టుకునే స్క్రీనింగ్ పరికరాలు ఇవ్వమన్నారు. వాటిలో లేజర్‌తో పనిచేసేవి ఉన్నాయి, పల్చటి పారదర్శకమైన కవరు అయితే విప్పకుండానే లోపల ఏముందో చెప్పేస్తాయి. నా దృష్టిలో ఆఫీసరుకి అసలైన కవచం అదే, కవరు కోయకపోతే దుమ్మే లేవదు. ముక్కులో కొట్టే నాలోక్సోన్ స్ప్రే కూడా వాళ్ళ దగ్గర ఉంటుంది. హెరాయిన్, ఫెంటానిల్ లాంటివి ఎక్కితే విరుగుడు అదే. కానీ మా కెటామైన్‌కి గానీ, మెత్‌కి గానీ, కొకైన్‌కి గానీ అది పనికిరాదు. ఇది తెలియకుండా మన దగ్గరా ఆ స్ప్రే ఒక్కటి కొనిచ్చేస్తే సరిపోతుందని టీవీల్లో మాట్లాడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

మన దగ్గరా కొంత మారింది. 2016లో సుప్రీంకోర్టు మోహన్‌లాల్ కేసులో, పట్టుకున్న సరుకు దాచే తీరు మీద, ధ్వంసం చేసే తీరు మీద గట్టిగానే ఆదేశాలిచ్చింది. 2022 డిసెంబరులో వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం శాంపిళ్ళు ఇప్పుడు మేజిస్ట్రేట్ ఎదుట తీయాలి. మంచిదే, ఇన్నాళ్ళూ మేం పీల్చిన దుమ్ములో ఇకమీదట కోర్టు సిబ్బందికీ వాటా దక్కుతుంది. గోడౌన్లు మాత్రం అవే. ఒకసారి తాళం తీస్తే లోపలి నుంచి వచ్చిన వాసనకి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. తెగని కేసుల మూటలు పైకప్పు దాకా, కొన్నిటికి ఎలుకలు కన్నాలు పెట్టాయి. నేను దిగిపోయిన ఏడాదే ముంద్రా పోర్టులో రెండు కంటైనర్లలో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ దొరికింది, టాల్క్ రాళ్ళని రాశారు, దిగుమతిదారు అడ్రసు విజయవాడ. పేపర్లన్నీ దాని విలువ 21,000 కోట్లని రాశాయి. ఆ మూడు టన్నులు తూచినవాళ్ళకి ఎన్ని మాస్కులు ఇచ్చారని ఒక్క విలేకరి అడిగాడా? నేనైతే చూడలేదు.

మీ అబ్బాయికి చెప్పాల్సినవి చెప్తాను, శిక్షణలో ఇవి చెప్పినా చెప్పకపోయినా. పొడి కనపడగానే ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి, గదిలో పని లేనివాళ్ళని బయటికి పంపాలి. గ్లోవ్స్, మాస్క్ సొంత డబ్బుతో కొని బ్యాగులో పెట్టుకోవాలి, ఫైలు కోసం చూడకూడదు. టేబుల్ తడిగుడ్డతో తుడవాలి, చీపురు ముట్టకూడదు. చేతులు సబ్బూ నీళ్ళతోనే కడగాలి, స్పిరిట్ ఉన్న శానిటైజర్ రాస్తే పొడి చర్మంలోకి పోవడం ఇంకా సులువు కావచ్చంటారు, కోవిడ్ తర్వాత అందరికీ చేతులకి అదే అలవాటైపోయింది. టీ, బిస్కట్లు ఆ గదిలోకి రానివ్వకూడదు. ఇంటికెళ్ళాక బట్టలు మార్చుకోకుండా పిల్లల్ని ఎత్తుకోకూడదు. అన్నిటికంటే ముందు కడుపు నిండా తిని వెళ్ళమనండి, ఇది అమ్మగా మీరు చెప్తే వింటాడు. ఎవరైనా పడిపోతే అరవకుండా బయటి గాలికి తీసుకెళ్ళి ఊపిరి చూడమనండి. నీళ్ళు మాత్రం కొట్టొద్దనండి.

నీళ్ళ సంగతి చెప్తానన్నాను కదా. తడిసిన ఆ ప్యాకెట్ బరువు పంచనామాలో రాసినదానికంటే ఎక్కువ తూగింది. 2018లో ట్రయల్‌కి వచ్చినప్పుడు అవతలి లాయరు గంటసేపు దాని మీదే నన్ను నిలబెట్టి కడిగేశాడు. రక్షణ సామగ్రి గురించి ఎప్పుడు నోరెత్తినా దాన్నేదో ఆఫీసర్ల సుఖం కోసం పెట్టే ఖర్చులా చూస్తారు. కేసులు నిలబడటం కూడా దాని మీదే ఉందని ఆ రోజు బోనులో నిలబడ్డ నాకు తెలుసు.

ఆ రోజే కోర్టు వరండాలో మా పంచ్ కనిపించాడు. ఆటో డ్రైవరు. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద పోతుంటే ఆపి, రెండు నిమిషాల పనే రమ్మని లోపలికి లాక్కొచ్చాం. రాత్రి దాకా కూర్చోబెట్టాం. మాకు జేబురుమాళ్ళైనా ఉన్నాయి, అతనికి అదీ లేదు. బేసిన్ పక్కనే కుర్చీ వేశాం, ప్రతి చీటీ మీద, ప్రతి కాగితం మీద సంతకం పెట్టాలి కదా. నాకు బాగా గుర్తు, వేలు నాలుక మీద తడుపుకుంటూ పేజీలు తిప్పాడు, ఒక్కడూ వద్దనలేదు. కుర్రాడు పడిపోయాక మేమందరం ఆస్పత్రికి పరిగెత్తాం. అతన్ని ఎవరు పంపారో, ఎలా వెళ్ళాడో నాకు గుర్తులేదు.

సాక్ష్యం చెప్పి బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. "సార్, ఆ రాత్రి నాకు గోడలు దూరంగా జరిగిపోతున్నట్టు అనిపించింది. నా కాళ్ళు నావి కావనిపించింది. గాలి సోకిందని మా ఆవిడ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. ఇంతకీ అదేం పొడి సార్?" అన్నాడు.

ఆరేళ్ళలో అతనికి ఎవరూ చెప్పలేదన్నమాట. కెటామైన్ అని చెప్పాను. ఇంకోసారి చెప్పమని, ఫోన్ తీసి నెమ్మదిగా రాసుకున్నాడు.