రికవరీ పార్టిషన్ డిలీట్ అయిపోయింది, తిరిగొస్తుందా?

సీ డ్రైవ్ నిండిపోయిందని మీరు పక్కనున్న 12 జీబీ రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి డిస్క్‌లో విడిగా ఉంచే భాగం) తీసేశారు. ఇప్పుడు కంపెనీ రికవరీని తెరిచే ఎఫ్11 నొక్కితే ఏమీ రావట్లేదు. ఆ ఖాళీని ఇంకా సీలో కలపలేదన్నారు. మిమ్మల్ని కాపాడేది ఆ చివరి మాటే. కలపకండి, ఫార్మాట్ చేయకండి, ఆ ఖాళీలో కొత్త డ్రైవ్ పెట్టకండి.

కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు నేనూ ఇదే నిర్వాకం చేశాను. పార్టిషన్లు చూపించే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిలీట్ ఆప్షన్ రాలేదు. ఎందుకు రావట్లేదో ఆలోచించకుండా ఆదేశాలు టైప్ చేసే డిస్క్‌పార్ట్‌లోకి వెళ్లి, ఓవర్‌రైడ్ అని కొట్టి మరీ తీసేశాను. మర్నాడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి మోసుకెళ్తే ఒక షాపులో "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్తా అన్నా, గంటలో అయిపోతది" అన్నాడు. ఉన్నది కూడా పోతుందని భయమేసి ఇంటికి తెచ్చేసుకున్నా.

పాస్‌బుక్‌లో సర్వే నంబరు కొట్టేస్తే పొలం ఎక్కడికీ పోదు కదా, ఇదీ అంతే. ఏ పార్టిషన్ ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా ఉందో చెప్పే పట్టికలో ఒక వరుస చెరిగింది. పైన వేరే డేటా పడనంతవరకు లోపలి ఫైళ్లు అలాగే ఉంటాయి. ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం ఆశ వదులుకోండి, ఖాళీ అయిన చోటును ఎస్‌ఎస్‌డీ తనే శుభ్రం చేసుకునే ట్రిమ్ అనే పద్ధతి తుడిచేస్తుంది.

నాకు పనికొచ్చింది పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్. ఉచితం. నల్ల తెర, బాణం గుర్తులు తప్ప మౌస్ పనిచేయదు. వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అనలైజ్, తర్వాత క్విక్ సెర్చ్. నాకు అందులో దొరకలేదు. డీపర్ సెర్చ్ పెట్టి అన్నం తిని వచ్చేసరికి ఇంకా సగం కూడా కాలేదు. ఆఖరికి నేను తీసేసిన పార్టిషన్ సైజుతోనే ఒక వరుస కనిపించింది, పక్కన డి అక్షరంతో. డి అంటే డిలీటెడ్.

దానిమీద నిలబడి కీబోర్డులో పి నొక్కాను. ఫోల్డర్ల పేర్లు వరసగా వచ్చాయి. అప్పుడు గానీ ఊపిరాడలేదు. పేర్లు రాకపోయినా, పిచ్చి అక్షరాలు వచ్చినా అక్కడే ఆగిపోండి.

పేర్లు సరిగా వస్తే, ఎడమ కుడి బాణాలతో ఆ వరుస డి గుర్తును పి గా మార్చాలి. తర్వాతది రైట్ (Write, అంటే రాయడం). ఇది పట్టిక మొత్తాన్ని తిరగరాస్తుంది. మీ సీ, డీ డ్రైవ్‌లు కూడా ఆ లిస్టులో డి గుర్తు లేకుండా ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే అవి గల్లంతవుతాయి. నేను ఫోన్‌తో ఫొటో తీసుకుని రెండుసార్లు సరిచూశాను. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే రైట్ నొక్కండి.

రీస్టార్ట్ అయ్యాక నాకది మామూలు డ్రైవ్‌లా, ఒక అక్షరంతో కనిపించింది. డిస్క్‌పార్ట్‌లో దాని ఐడీని మళ్లీ రికవరీ రకానికి మార్చి, విండోస్ రికవరీని ఆన్ చేసే రీఏజెంట్‌సీ ఎనేబుల్ అనే ఆదేశం కొడితే విండోస్ రికవరీ లేచింది. కంపెనీ ఎఫ్11 మాత్రం ఇప్పటికీ పలకదు. నిజానికి దానికోసం అంత టెన్షన్ పడక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ చేసుకుంటే విండోస్ మళ్లీ వేసుకోవచ్చు. విండోస్ 8 నుంచి కంపెనీ వేసిచ్చిన మెషీన్లలో విండోస్ లైసెన్స్ కీ చాలావరకు మదర్‌బోర్డులోనే ఉంటుంది.

పి నొక్కితే ఏం కనిపించిందో ఇక్కడ రాయండి, రైట్ కొట్టక ముందే.