కుక్కపిల్ల కాళ్లు వంగాయని కాల్షియం పోస్తున్నారా?

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లె. మామిడి తోట కాపలాకని జర్మన్ షెపర్డ్ మగపిల్లను తెచ్చాం. ఇప్పుడు మూడున్నర నెలలు, 14 కిలోలు ఉంది. పది రోజులుగా ముందు కాళ్లు మణికట్టు దగ్గర వంగి, పాదాలు చప్పగా పరుచుకుని నడుస్తోంది. జ్వరం లేదు, తిండి బాగానే తింటోంది. రోజుకు అరకిలో దాకా పెద్ద జాతి పిల్లల ఫీడు, అర లీటరు గేదె పాలు, రెండు చెంచాల గుడ్డు పెంకు పొడి పెడుతున్నాం. కాల్షియం తక్కువైందని కుక్కల షాపతను చెబితే గేదెలకు తెచ్చిన కాల్షియం టానిక్ కూడా పోస్తున్నాం. డి విటమిన్ కోసం పొద్దున ఎండలో కడుతున్నాం. మిగతా సమయమంతా హాల్లోనే ఉంటుంది. కాల్షియం ఇంజెక్షన్ వేయించాలా? ఏ ఫీడు మంచిది?

జవాబు: ఇంజెక్షన్ వద్దు. ముందు ఆ టానిక్, గుడ్డు పెంకు పొడి ఈ రోజే ఆపండి. మీరు రాసిన తిండి చూస్తే కాల్షియం తక్కువయ్యే అవకాశమే లేదు, ఎక్కువై ఉంటుందనే నా అనుమానం.

లెక్క వేసి చూద్దాం. ఈ వయసులో, ఈ బరువుకు రోజుకు సుమారు 1,200 కిలో కేలరీల తిండి చాలు. దానితో పాటు 3.6 నుంచి 5.4 గ్రాముల కాల్షియం అందాలి. మీ ఫీడులో కాల్షియం 1.2 శాతం అనుకున్నా అరకిలోలోనే 6 గ్రాములు వచ్చేసింది. చెంచా పెంకు పొడిలో దాదాపు 2 గ్రాములుంటుంది కాబట్టి రెండు చెంచాలకు ఇంకో 4. అంటే పాలు, టానిక్ కలపకుండానే 10 గ్రాములు! మనలాగా, పెద్ద కుక్కలాగా ఎక్కువైన కాల్షియాన్ని పేగులోనే వద్దని తోసేసే శక్తి ఆరు నెలల లోపు పిల్లకు సరిగా ఉండదు, పోసిందల్లా ఒంట్లోకి పోతుంది, ఎముక ఎదిగే చోట గందరగోళం చేస్తుంది. గ్రేట్ డేన్ పిల్లలకు కావాలని కాల్షియం ఎక్కువ పెట్టి చూసిన ప్రయోగాల్లో కాళ్లు వంకరపోవడం ఎప్పుడో తేలింది. చిన్న జాతులు కొంత తట్టుకుంటాయి, ఏడాదిలో 30 కిలోలు దాటే పిల్లలు తట్టుకోలేవు.

రెండో అనుమానం మీ హాలు. టైల్సా, గ్రానైటా రాయలేదు గానీ నున్నటి బండల మీద పెరిగే బరువైన పిల్లలకు మణికట్టు కీళ్లు ఇలా వదులవడం మామూలే. పిల్లను మట్టి నేల మీదికి మార్చండి, కుదరకపోతే గోనె సంచులో కొబ్బరి పీచు పట్టలో పరవండి. కట్లు, బద్దలు కట్టకండి, కాలు ఇంకా బలహీనపడుతుంది. రోజూ రెండు పూటలా పావుగంట మెల్లగా నడిపించండి. బైకు వెనక పరిగెత్తించడం మాత్రం ఏడాదిన్నర దాకా వద్దు. తిండి, నేల రెండూ మారితే చాలా పిల్లల్లో నాలుగు వారాల్లోపే తేడా కనిపిస్తుంది.

అయితే ఇదంతా చూడకుండా చెప్తున్న మాట. మణికట్టుకు కాస్త పైన వేడిగా వాచినా, ముట్టుకుంటే అరిచినా, జ్వరం 103 డిగ్రీలు దాటినా, లేవలేక పడుకున్నా ఆగొద్దు, అది వేరే ఎముక జబ్బు కావొచ్చు. గన్నవరం పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడ చూపించి ఎక్స్‌రే తీయించండి. అలాంటివేమీ లేకపోయినా రెండు వారాల్లో మార్పు రాకపోతే వెళ్లాల్సిందే.

ఎండ సంగతి. మన చర్మంలో తయారైనట్టు కుక్క చర్మంలో డి విటమిన్ తగినంత తయారు కాదు, దానికి తిండిలోంచే రావాలి, మంచి ఫీడులో అది ఉంటుంది. డి3 ఇంజెక్షన్ అని కూడా షాపుల్లో అంటున్నారు, మోతాదు మించితే కిడ్నీలు పోతాయి.

ఇక ఫీడు. సంచి మీద బొమ్మ చూసి కాదు, వెనక చిన్న అక్షరాలు చదివి కొనండి. ‘పెద్ద జాతి పిల్లలకు’ అని ఉండాలి. కాల్షియం 1 నుంచి 1.5 శాతం మధ్య ఉంటే మంచిది, తేమ తీసేసి లెక్కేస్తే 1.8 మించకూడదు. భాస్వరం కంటే కాల్షియం కొంచెమే ఎక్కువుండాలి. కొన్ని సంచుల మీద ‘కనీసం ఇంత’ అని మాత్రమే వేస్తారు, గరిష్ఠం వేయరు, మనకు కావాల్సింది ఆ గరిష్ఠమే. ప్రోటీన్ 24 నుంచి 28 శాతం ఉన్నా భయం లేదు, ప్రోటీన్ ఎక్కువైతే కాళ్లు వంగుతాయన్నది పాత అపోహ. సంచి విప్పి కిలోల్లెక్కన అమ్మే విడి ఫీడు కొనకండి, ఏముందో తెలియదు, కొవ్వు ముక్కిపోయి కూడా ఉంటుంది.

అరకిలో చాలా ఎక్కువ. రోజుకు 330 గ్రాములు కాటా మీద తూచి, మూడు పూటలకు 110 చొప్పున పెట్టండి, ఆరు నెలలు నిండాక రెండు పూటలు చాలు. వారానికోసారి పిల్లను ఎత్తుకుని కాటా ఎక్కి మీ బరువు తీసేయండి, బరువు పెరిగేకొద్దీ సంచి మీది పట్టిక చూసి ఫీడు పెంచండి. వేలితో నిమిరితే పక్కటెముకలు తగలాలి, తగలకపోతే పదో వంతు తగ్గించండి. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమనుకుంటారు మనవాళ్లు. అమెరికాలో 48 లాబ్రడార్లను చిన్నప్పటి నుంచి చివరిదాకా గమనించారు, జతలో ఒకదానికి నాలుగో వంతు తిండి తక్కువ పెడితే ఆ బక్కవే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, తుంటి కీళ్ల అరుగుదల కూడా వాటిలో తక్కువ.

గేదె పాలు మానేయండి. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడి మాంసం ఇష్టమైతే మొత్తం తిండిలో పదో వంతు దాకా పెట్టుకోండి, ఆ మేరకు ఫీడు తగ్గించి. ఉల్లిపాయ కలిసిన కూర మెతుకులు పెట్టకండి. చికెన్ షాపు వ్యర్థాలు పచ్చివి అసలే వద్దు. ఫీడు పూర్తిగా మాని అన్నం, మాంసమే పెడతానంటే అప్పుడు మాత్రం కాల్షియం నిజంగానే తక్కువవుతుంది, దాన్ని తూకం వేసి కలపాలి, డాక్టరుతో రాయించుకోండి.

మీరు అడగనిది ఒకటుంది. టీకాల సంగతి ఒక్క ముక్క రాయలేదు. ‘అమ్మినవాళ్లు వేశారు’ అంటే నేను నమ్మను, కార్డు ఉంటేనే వేసినట్టు. లేకపోతే పార్వో, డిస్టెంపర్‌ల (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బులు) టీకా ఈ వారమే ఒకటి, 3–4 వారాలకు మరొకటి వేయించండి. రేబిస్ టీకా మూడు నెలలకే పడాలి, మీకు ఇప్పటికే ఆలస్యమైంది. తోటలో నక్కలు, ఊరకుక్కలు తిరుగుతాయి కదా. నట్టలకు ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మాత్ర (10 కిలోలకు ఒకటి రకం) ఒకటిన్నర వేసి, ఆరు నెలల దాకా నెలకోసారి, అప్పటి బరువును బట్టి వేయండి. పిడుదులకని గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ మీ అంతట మీరు పొడిపించకండి, ఈ జాతిలో కొన్నిటికి అది మెదడుకెక్కుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫీడు సంచి మీది వివరాలున్న ముక్క కత్తిరించి, ఆ టానిక్ సీసాతో పాటు తీసుకెళ్లండి, ఎన్ని మిల్లీలీటర్లు ఎన్ని రోజులు పోశారో కూడా దాచకుండా చెప్పండి.