24 ఫ్లాట్ల వైరింగ్, పాయింట్‌కి 200 అంటున్నారు, ఒప్పుకోవచ్చా?

బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్న మదనపల్లె బ్రదర్ ఒకరు అడిగారు. ఎనిమిదేళ్లుగా ఒక హెల్పర్‌తో ఇళ్ల వైరింగ్ చేసుకుంటున్నారు. ఇప్పుడు హోస్కోట రోడ్డులో ఒక సివిల్ కాంట్రాక్టర్ 24 ఫ్లాట్ల పని ఇస్తానంటున్నాడు, ఫ్లాట్‌కి 60 పాయింట్లు (లైటు, ఫ్యాను, ప్లగ్గు లాంటివి పెట్టే ఒక్కో చోటు ఒక పాయింట్), మెటీరియల్ వాళ్లది, లేబర్ మాత్రం మనది. వారం వారం కూలీలకి ఇవ్వాలి కదా, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి మొదలుపెట్టనా అని ప్రశ్న.

బ్రదర్, బంగారం జోలికి పోకముందు లెక్క చూద్దాం. 1,440 పాయింట్లకి 200 చొప్పున 2,88,000, చూడ్డానికి పెద్ద మొత్తమే. కానీ మీరే రాశారు, నలుగురు కలిసి చేస్తే పైపుల కోసం గోడకి గాడి కొట్టడం, పైపులు, బాక్సులు, వైర్ లాగడం, స్విచ్చులు, డీబీ (ఇంటికంతా కరెంటు పంచే బోర్డు) అన్నీ కలిపి ఫ్లాట్‌కి 4 రోజులు అని, అంటే 96 రోజులు. ఇంకో వైర్‌మ్యాన్‌కి 1,100, ఇద్దరు హెల్పర్లకి తలా 750, రోజుకి 2,600 చేతి నుంచి పోతుంది. మొత్తం 2,49,600 పోగా మీకు మిగిలేది 38,400, అంటే రోజుకి 400. మీ హెల్పర్ కూలి కన్నా తక్కువ!

ఇది ఇంకా అన్నీ సవ్యంగా జరిగితేనే. ప్లాస్టరింగ్ అవ్వలేదనో మెటీరియల్ రాలేదనో ఓ 10 రోజులు ఖాళీగా కూర్చున్నా కూలి ఇవ్వాలి, అది 26,000, బిట్లు, కటింగ్ బ్లేడ్లు, పెట్రోల్ ఓ 15,000 వేసుకోండి, ఆ 38,400 కూడా పోయి చేతి డబ్బులు పడతాయి. మీ కూలి రోజుకి 1,200 కలిపితే అసలు ఖర్చు 4,05,800, పాయింట్‌కి 282. దానిమీద పది శాతం లాభం పెడితే 310. కాబట్టి 330 దగ్గర మొదలుపెట్టండి, 310 దగ్గర ఆగండి, 282 కన్నా దిగమంటే దండం పెట్టి వచ్చేయండి. ఆయన బేరం ఆడితే ఊరికే రేటు తగ్గించొద్దు, తగ్గిస్తే పని కూడా తగ్గాలి, "సరే సార్, గాడి కొట్టడం మీ మనుషులతో చేయించుకోండి, అప్పుడు తగ్గిస్తా" అనండి.

రేటు కన్నా నాకు ఎక్కువ భయం బిల్లు ఎప్పుడొస్తుందనే. శనివారం బటవాడాకి 15,600 కావాలి, బిల్లు 45 రోజులు లేటయితే లక్ష దాకా మీ డబ్బే ఇరుక్కుంటుంది. మా బాబాయి టైల్స్ మేస్త్రీ, పని అయ్యాక కూడా బిల్లులోంచి ఆపుకున్న పది శాతం కోసం ఒక బిల్డర్ చుట్టూ రెండేళ్లు తిరిగాడు, కాగితం లేదు, తేదీ లేదు, చివరికి సగం వచ్చింది. ఆయన చేతి సంచిలో ఆ చిల్లర రసీదులు నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. పది శాతం అడ్వాన్స్, ఆ తర్వాత పైపులకి ఒక బిల్లు, వైర్ లాగాక ఒకటి, ఫిట్టింగ్‌కి ఒకటి, ఆపుకునేది 5 శాతం దాటకూడదు, అది ఏ తేదీకి ఇస్తారో రాసివ్వాలి. ఎక్స్‌ట్రా పాయింట్లు అడిగితే అదే రోజు వాట్సాప్‌లో పెట్టి ఓకే అనిపించుకోండి.

పాన్ ఇవ్వండి, 1 శాతం టీడీఎస్ (బిల్లులోంచే ముందుగా పట్టుకునే పన్ను) మాత్రమే కట్ అవుతుంది, ఇవ్వకపోతే 20 శాతం, రిటర్న్ వేస్తే కట్టాల్సిన పన్ను పోను మిగిలింది వెనక్కి వస్తుంది. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీ, చేయించుకోండి, చిన్నవాళ్ల బిల్లు 45 రోజుల్లో కట్టాలని చట్టం ఉంది, కానీ కాంట్రాక్టు పనులకి అది వర్తిస్తుందా అని కోర్టుల్లో వాదనలు నడిచాయి, అదొక్కటే నమ్ముకోవద్దు. మెటీరియల్ కూడా నువ్వే తెచ్చుకో అంటే మాత్రం వద్దు, రాగి రేటు పెరిగితే నష్టం మీది, పైగా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ తీసుకోవాలి.

సోమవారం కలుస్తానన్నారు కదా, ఈ లెక్క ఒక పేపర్ మీద రాసుకుని వెళ్లండి. అడ్వాన్స్‌కి ఆయన ఏమన్నాడో నాకు రాయండి, అప్పటిదాకా బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.