పులి కన్నా ఎలుగుకే భయం

ప్రశ్న: డిగ్రీ పూర్తయింది. నల్లమలలో సఫారీ గైడ్‌గా చేరాలని ఉంది. పని ఎలా ఉంటుంది? రోజూ పులి ఎదురైతే టెన్షన్ ఉండదా? – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: రోజూ పులి కనపడితే ఇక మాకేం కావాలి తమ్ముడూ! దోర్నాల–శ్రీశైలం రోడ్డులో తుమ్మలబైలు దగ్గర జీపెక్కేవాళ్లు మొదట అడిగేదీ ఇదే. ఎక్కువగా కనపడేది దాని జాడే. తెల్లారి మెత్తటి దుమ్ములో అడుగు పడి ఉంటుంది. చదరంగా ఉంటే మగది, కాస్త పొడుగ్గా ఉంటే ఆడది. అంచులు చెదరకుండా ఉంటే దాటి ఎక్కువసేపు కాలేదని లెక్క. చెట్టు మీద కొండముచ్చు అదేపనిగా దగ్గినట్టు అరుస్తుంటే, పులి దగ్గర్లో ఉందేమోనని ఇంజిన్ ఆపించేస్తాను.

నాకు భయమల్లా ఎలుగుబంటితోనే. పులి మనిషి అలికిడికి తప్పుకుంటుంది. ఎలుగుకి చూపు అంతంతమాత్రం. తల వంచి పుట్ట తవ్వుకుంటూ మనల్ని పట్టించుకోదు, దగ్గరికి పోయాక ఉలిక్కిపడి మీదికొస్తుంది. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలే చెట్ల కింద మరీ జాగ్రత్త. పొద్దున్నే అటు నడవాల్సొస్తే గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తాం.

ఇక సంపాదన. జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూత, ఆ మూడు నెలలూ వేరే పని చూసుకోవాలి. చదువుకున్నవాడివి, పక్షుల పేర్లు తొందరగానే పట్టేస్తావు. చెట్లూ దారులూ మాత్రం చెంచు పెద్దల వెంట తిరిగి నేర్చుకోవాల్సిందే. సెంటు కొట్టుకొచ్చి జీపులో పాటలు పెట్టమనే టూరిస్టులతో ఓపిక ఎవరూ నేర్పరు! ముందు ఏప్రిల్ ఎండలో ఒకసారి వచ్చి చూడు. అప్పటికీ ఇష్టమైతే ఫారెస్టు ఆఫీసులో అడుగు.